నీ చెవులు మోకాళ్లకున్నాయేటిరా

నిన్న రాత్రి పదిన్నర దాకా గిటార్ వాయించినా పక్కింటి పిన్ని గోడ కొట్టలేదు. మూడేళ్లలో ఇదే మొదటిసారి. పొద్దున్న మునక్కాడలు ఇవ్వడానికి వచ్చి, "రాత్రి పాత రేడియో ఏదో పెట్టినట్టున్నావు, ఎక్కడ దొరికిందిరా?" అని అడిగింది. రేడియో కాదు పిన్నీ, నేనే వాయించాను అంటే నమ్మలేదు. నేను వాయిస్తే అలా ఉండదని ఆవిడకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది కూడా నేనే కాబట్టి నోరు మూసుకుని మునక్కాడలు తీసుకున్నాను.

ఆ పాత రేడియో సౌండ్ కోసమే ఇన్నేళ్లూ ఇంత డబ్బు తగలేశాను. ఎలా వచ్చిందో రాసిపెడితే ఇంకొకరికైనా కొంత మిగులుతుందని ఈ పోస్టు.

మాది బరంపురం, స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, స్టేజీ ఎక్కితే ఆ రెండూ హిందీతో కలిపి. పగలు ఉద్యోగం, పెళ్లిళ్ల సీజన్లోనూ పండగల్లోనూ ఒక మెలొడీ పార్టీలో గిటార్. మెలొడీ అంటే ఆంధ్రా వైపు వాళ్లకి తెలియకపోవచ్చు, మీరు ఆర్కెస్ట్రా అనేదాన్నే మా వైపు మెలొడీ అంటాం. రాత్రి తొమ్మిదికి మొదలైతే రెండింటి దాకా. జనం డాన్సు పాటలు అడుగుతూనే ఉంటారు, మధ్యలో ఎప్పుడో ఒక నెమ్మది పాట వస్తుంది, దానికి ముందు నాకు ఒక పదహారు మాత్రల సోలో దొరుకుతుంది. ఆ పదహారు మాత్రల కోసమే నా బాధంతా.

ఇంటర్నెట్లో అందరూ వార్మ్ టోన్ అంటారు. శబ్దం వెచ్చగా ఉంది అని తెలుగులో ఎవరూ అనరు కదా. నిండు గొంతు అంటాం. అది చెడితే ఒకవైపు కీచు గొంతు, ఇంకోవైపు బొంగురు గొంతు. రేకు డబ్బా మోగినట్టుంది అంటాం, కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది అంటాం. ఈ మాటలు నాకు ముందే తట్టి ఉంటే బాగుండేది. నా దగ్గరున్నది రేకు డబ్బా, దాన్ని బాగుచేయబోతే కుండ వచ్చేది, మళ్లీ అక్కణ్ణించి రేకు డబ్బా. వీడియోలు చూసి ఒక్కో పెడల్ (గిటార్ సౌండ్ మార్చడానికి కాలితో నొక్కే డబ్బా) కొనడం, రెండు వారాలు సంతోషంగా ఉండటం, మళ్లీ మొదటికి రావడం.

సామాను పెద్దదేం కాదు. తీగ మోతని కరెంటుగా మార్చే పికప్‌లలో ఒక రకం హంబకర్, అలాంటివి రెండున్న సెకండ్ హ్యాండ్ గిటార్, 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ (ఆంప్లిఫయర్), దాంట్లో ఎనిమిదంగుళాల స్పీకరు. ఆంప్ పేరు చెప్పను, దాని తప్పేం లేదని తర్వాత తేలింది.

తేలింది ఎక్కడంటే ఠాకురాణి యాత్ర రోజుల్లో. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది, ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది, పులి వేషాలు, దేవుళ్ల వేషాలు, ఎక్కడ చూసినా లైట్లు. అలాంటి ఒక రాత్రి మా ప్రోగ్రామ్. నెమ్మది పాట వచ్చింది, నా సోలో వచ్చింది, కళ్లు మూసుకుని వాయించాను. కళ్లు తెరిచేసరికి ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు ఇద్దరు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉన్నారు. నాకేమో ఆంప్ మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. అందుకే ట్రెబుల్ అప్పటికే ఎనిమిది మీద పెట్టాను. వాళ్లకి ఏం నొప్పి అని కోపం కూడా వచ్చింది.

పాట అయ్యాక మైకుసెట్ మావయ్య స్టేజీ ఎక్కాడు. మాకేం చుట్టం కాదు, ఊళ్లో వాయించేవాళ్లందరికీ మావయ్యే. వాళ్ల నాన్న కాలం నుంచీ మైకుసెట్లు అద్దెకిస్తారు. వంగి నా ఆంప్ ముందు గొంతుక్కూర్చుని చెవి పెట్టాడు. నేను ఒక్క తీగ మీటానో లేదో ముఖం చిట్లించి లేచిపోయాడు.

"నీ చెవులు మోకాళ్లకున్నాయేటిరా?"

అర్థం కాలేదు. "ఆ డబ్బా నేల మీద పెట్టీసి నువ్వు పక్కన నిలబడితే అది నీ మోకాళ్లకి పాడతాది గానీ నీకు పాడతాదేటి? నీకు ఇనబడక పెంచుతున్నావు, ఆలు సస్తన్నారు" అని, డ్రమ్మర్ వెనకాల ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, దాని మీద ఆంప్ ఎత్తి పెట్టి, నా తలవైపు వాలేలా వెనక్కి వంచాడు. "ఇప్పుడు మీటు" అన్నాడు.

మీటాను. చెవిలో సూది గుచ్చినట్టయింది. అంటే నేను గంటసేపు జనానికి వినిపించింది అదన్నమాట.

తర్వాత చదివితే తెలిసిన సంగతి ఇది. స్పీకరులోంచి వచ్చే శబ్దం అన్ని వైపులకీ ఒకేలా వెళ్లదు. బేస్ గది అంతా పరుచుకుంటుంది, పైస్థాయి శబ్దాలు మాత్రం టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకు పోతాయి. ఆ వెలుగు మధ్యలో నిలబడ్డవాడికి కీచు, పక్కన నిలబడ్డవాడికి మందం. పైగా డబ్బా నేలకి ఆనుకుని ఉంటే బేస్ ఇంకా ఉబ్బుతుంది, మూలకి పెడితే ఇంకొంచెం. అంటే నేను నిలబడ్డ చోట కుండ, ముందు వరసలో రేకు డబ్బా, రెండూ ఒకే ఆంప్‌లోంచి, ఒకే టైంలో. ఇన్నేళ్లు నేను సరిచేస్తున్నది నా మోకాళ్లకి వినిపించే టోన్‌ని.

ఆ రాత్రి ట్రెబుల్ ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చింది, బేస్ మూడుకి, మిడిల్ నాబ్ ఏడుకి. మిడిల్ ఎప్పుడూ తగ్గించే ఉంచేవాణ్ణి. ఇంట్లో ఒక్కణ్ణే వాయించుకునేటప్పుడు బేస్, ట్రెబుల్ పెంచి మధ్యది తీసేస్తే గొప్పగా ఉంటుంది, సినిమా హాల్లో ఉన్నట్టు. అదే స్టేజీ మీద బేస్ గిటారూ డ్రమ్సూ కింద శబ్దాన్ని తినేస్తాయి, తాళాలూ కీబోర్డూ పైనున్నది తినేస్తాయి, మిగిలిన మధ్య భాగాన్ని నేనే స్వయంగా తీసేశాను కాబట్టి గిటార్ అనేదే ఉండదు. లెక్క చూడండి, గిటార్ అడుగు తీగ సుమారు 82 హెర్ట్జ్, 22 మెట్లున్న గిటార్ మీద పై తీగ చిట్టచివరి మెట్టు దగ్గర కూడా అసలు స్వరం 1200 హెర్ట్జ్ దాటదు. ఆ పైన వచ్చేదంతా అనుస్వరాలే, అంటే అసలు స్వరంతో పాటే పుట్టే పైస్వరాలు. మనిషి గొంతు పలికే చోటే గిటారూ పలుకుతుంది. అందుకే మావయ్య దాన్ని గొంతు అనే అంటాడు, "గొంతు మద్దిన ఉంటాది, అంచుల్లో కాదు" అని.

ఇంకో కథ. నా దగ్గరున్న డిస్టార్షన్ పెడల్‌ని, శబ్దాన్ని కావాలని గరుకు చేసేదాన్ని, ఒకసారి ఆంప్ మోయడానికి బద్ధకించి నేరుగా మిక్సర్‌కి తగిలించాను. తేనెటీగల తుట్టె కదిపినట్టు వచ్చింది. పెడల్ చెడిపోయిందనుకున్నాను. చెడిపోలేదు. గిటార్ ఆంప్ స్పీకరుకి ట్వీటర్, అంటే కీచు శబ్దాల కోసం వేరే పెట్టే చిన్న స్పీకరు, ఉండదు, దాదాపు 5000 హెర్ట్జ్ దాటాక అది పలకడం మానేస్తుంది. అది లోపం కాదు, అదే దాని గుణం. పెడల్ తయారుచేసే గరుకునంతా ఆ అట్ట కోన్ వడగట్టేసి మనకి నిండు భాగమే ఇస్తుంది. మిక్సర్‌లోంచి పెద్ద బాక్సులకి వెళ్తే వడగట్టేవాళ్లు లేరు, గరుకంతా ట్వీటర్లోంచి జనం నెత్తిన పడుతుంది. నేరుగా ఇవ్వక తప్పనప్పుడు మధ్యలో క్యాబినెట్ సిమ్యులేషన్ ఉన్న పెడల్, అంటే ఆంప్ స్పీకరులా వడగట్టేది, పెట్టాలి, లేదా ఆంప్ ముందు ఒక మైకు పెట్టాలి. మైకు పెట్టేటప్పుడు కోన్ నడిమధ్యకి గురిపెడితే కీచు, రెండు మూడు వేళ్లు అంచువైపు జరిపితే మెత్తన. మా బ్యాండ్‌లో ఇప్పుడు అది జరిపే పని నాదే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

గిటార్ మీద టోన్ నాబ్ అని ఒకటి ఉంటుందని అందరికీ తెలుసు, తిప్పేవాళ్లని తక్కువ చూశాను. నేనూ తిప్పలేదు, ఎప్పుడూ పదిలోనే. దాని లోపల ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, హంబకర్ గిటార్లలో మామూలుగా 0.022 మైక్రోఫారడ్, సింగిల్ కాయిల్ వాటిలో 0.047. నాబ్ తగ్గించిన కొద్దీ పైస్థాయి శబ్దం దాని గుండా గ్రౌండ్‌కి పోతుంది. ఇప్పుడు నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది), టోన్ ఆరు, వాల్యూమ్ ఏడు, ఇదే నా ఇల్లు. సోలో వస్తే వాల్యూమ్ తొమ్మిదికి తెస్తాను, అంతే. నెక్ పికప్ బొంగురుగా ఉందని చాలామంది వాడరు, నాకూ అలాగే ఉండేది. స్క్రూడ్రైవర్ తీసుకుని లావు తీగల వైపు పికప్‌ని కొంచెం కిందికి దించాను. తీగకి మరీ దగ్గరగా ఉండి ఉబ్బిపోతోంది, అదే దాని జబ్బు. పైసా ఖర్చు లేదు. హంబకర్ అంటే గుర్తొచ్చింది, గిబ్సన్‌లో సేథ్ లవర్ అనే ఇంజనీరు 1955లో దాన్ని తయారుచేసింది గొంతు నిండుగా రావాలని కాదు, కరెంటు గీ (గుయ్యిమనే మోత) తగ్గించడానికి. రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసేలా పెట్టి గీని కొట్టేయించాడు, పైస్థాయి శబ్దం కొంత పోయి నిండుతనం దాంతోపాటు వచ్చింది.

ఆ గీ గురించి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. హంబకర్లు ఉన్నా నా ఆంప్ గీ పెట్టేది. తీగలు చేత్తో ముట్టుకుంటే తగ్గేది, వదిలితే మళ్లీ మొదలు. పికప్‌లు మార్చాలనుకుని ధరలు కూడా చూశాను. ఒకరోజు రిహార్సల్లో గిటార్ పట్టుకుని మైకుకి పెదవి ఆనించగానే చిటుక్కుమని కొట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మావయ్య మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎర్తింగు ఉందేటి?" ప్లగ్గు పాయింటుకి మూడు కన్నాలున్నాయి, పై కన్నానికి వెనకాల వైరే లేదు. తాతగారి కాలం ఇల్లు. ఎలక్ట్రీషియన్ని పిలిచి పెరట్లో గొయ్యి తీయించి, పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోయించి, పాయింట్లన్నిటికీ పచ్చ వైరు లాగించాం. ఆ సాయంత్రం ఆంప్ ఆన్ చేస్తే ఆన్ అయిందో లేదో తెలియలేదు, అంత నిశ్శబ్దం. వేసవిలో ఆ గోతిలో నాలుగు చెంబుల నీళ్లు పోయడం అమ్మ పని, తులసికోటకి పోసి అటునుంచి అటే. మిగిలిన కొంచెం జరజర ఫ్యాన్ రెగ్యులేటర్‌ది, రికార్డింగ్ చేసేటప్పుడు ఫ్యాన్ కట్టేస్తాను, చెమటలు కారుతాయి, ఏం చేస్తాం. గీ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను తీసేసే వీరులు ఉంటారు, ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, తీగలు ఇనపవి, మైకు పెదవి దగ్గర ఉంటుంది.

వాల్వు ఆంప్, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు బుడ్డీల్లాంటి వాల్వులుండే పాత రకం, దాని సంగతి అడుగుతారని తెలుసు. విశాఖపట్నంలో ఒక ఫ్రెండు దగ్గర 15 వాట్ల వాల్వు ఆంప్ ఉంది, రైలెక్కి వెళ్లి వారం రోజులకి తెచ్చుకున్నాను. వెనక్కి తిప్పి చూస్తే రెండు ఈఎల్84 వాల్వులు. మావయ్య చూడగానే నవ్వాడు, "ఇయి మా ఇంట్లో డబ్బా నిండా ఉండేవిరా" అని. నిజమే, ఈఎల్84 గిటార్ కోసం పుట్టిందేం కాదు, రేడియోలకీ గ్రామఫోన్లకీ చేసిన వాల్వు. గిటార్ వాళ్లు 12ఏఎక్స్7 అని మురిసిపోయే ఇంకోదాన్ని రేడియో రిపేరు వాళ్లు ఈసీసీ83 అంటారు, రెండూ ఒకటే. మన బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఇలాంటివి తయారుచేసేది. పిన్నికి నిన్న పాత రేడియో ఎందుకు గుర్తొచ్చిందో దీంతో కొంత తెలుస్తుంది, ఆవిడ చిన్నప్పుడు విన్న గొంతు వాల్వులదే.

వాల్వుల గొప్పతనం ఏమిటంటే, శక్తికి మించి తోసినప్పుడు ట్రాన్సిస్టర్ శబ్దం తలని కత్తితో కోసినట్టు చదునుగా నరికేస్తుంది, వాల్వు గుండ్రంగా నొక్కుతుంది. చదునుగా నరికితే గరుకు ఎక్కువ పుడుతుంది. నెమ్మదిగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గొంతు కొంచెం పట్టినట్టు పలకడం, ఏడుపు ఆపుకుని మాట్లాడుతున్నట్టు, అది వాల్వు ఆంప్‌లో వేలి కిందే ఉంటుంది. నిజంగా బాగుంది, బాగాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ గొంతు రావాలంటే దాన్ని గట్టిగా తోయాలి, 15 వాట్లు తోస్తే పిన్ని గోడ కాదు, తలుపే కొడుతుంది. శబ్దం మన చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి, కాబట్టి 15 వాట్లంటే చిన్నది అనుకోకండి. ఇంకో మాట, ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, వెనక మూత విప్పి వేళ్లు పెట్టకండి. వారం తర్వాత తిరిగి ఇచ్చేశాను. బెంగపడ్డాను, ఒప్పుకుంటాను.

ఆ బెంగ ఎక్కడ తీరిందంటే, అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ చాలాకాలం వాడిన ల్యాబ్ సిరీస్ ఎల్5 ట్రాన్సిస్టర్ ఆంప్ అని తెలిసినప్పుడు. ఆయనది నిండు గొంతు కాదనే ధైర్యం ఎవరికుంది? జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గామరీ పిక్ (తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల) వాడలేదు, బొటనవేలి మెత్తటి కండతో మీటేవాడు. నేనూ నెమ్మది పాటలకి పిక్ జేబులో పడేసి బొటనవేలితో, అదీ బ్రిడ్జి దగ్గర కాకుండా పికప్ దాటి మెడ మొదలుకి దగ్గరగా మీటుతున్నాను. తీగ అక్కడ వదులుగా ఊగుతుంది, శబ్దం గుండ్రంగా వస్తుంది. మూడు పెడళ్లు చేయని పని ఈ అరడుగు దూరం చేసింది.

అందుకని పెడళ్లు వద్దని కాదు. ఒకటి ఉంచుకున్నాను, ట్యూబ్ స్క్రీమర్ లాంటి పచ్చ పెడల్. దాని డ్రైవ్ (గరుకు పెంచే నాబ్) దాదాపు సున్నా, లెవెల్ ఎక్కువ. అది బేస్ కొంత కోసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్య భాగాన్ని ముందుకి తోస్తుంది, గొంతు ఉండే చోటుకి. మిగతా రెండూ అమ్మేశాను, కొన్నదాంట్లో సగం వచ్చింది.

తీగల గురించి మా ఊరి బాధ వేరు. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, ఉప్పుగాలి, చెమట. కొత్త తీగలు వేస్తే నెల తిరక్కుండా ముక్కు పట్టినట్టు అయిపోతాయి. తమాషా ఏమిటంటే మరీ కొత్త తీగలు నాకు నచ్చవు, గాజు పగిలినట్టు ఉంటాయి, వారం వాడితే దారికొస్తాయి. తుప్పు పట్టేలోపు, దారికొచ్చాక, ఆ మధ్యలో రెండు మూడు వారాలే వాటి యవ్వనం. వాయించాక పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగనీ కిందా పైనా తుడుస్తాను. పదో నంబరు సెట్ మాని పదకొండు వేశాను, ప్రతి తీగ కొంచెం లావు, వేళ్లు మొదటి పది రోజులు తిట్టుకున్నాయి.

ఒక పొరపాటు ఇప్పటికీ చేస్తూనే ఉంటాను. ఇంట్లో తక్కువ సౌండ్‌లో కూర్చుని టోన్ సెట్ చేసుకుని, అవే నంబర్లతో స్టేజీ ఎక్కడం. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగా ఆనదు, దాన్ని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. ఇంట్లో నిండుగా ఉందని బేస్ ఐదు పెడితే స్టేజీ మీద అదే ఐదు బురద. ఇంటి నంబర్లు వేరు, స్టేజీ నంబర్లు వేరు, ఆంప్ వెనకాల స్కెచ్‌పెన్నుతో రెండూ రాసుకున్నాను, అయినా మర్చిపోతాను.

ఇంట్లో కుర్చీ అక్కర్లేదు, నేను మంచం మీద కూర్చుని వాయిస్తాను. ఆంప్ ముందు అంచు కింద అమ్మ పూజపీట దూర్చి వెనక్కి వాల్చాను, స్పీకరు సరిగ్గా నా ముఖంలోకి చూస్తుంది. అమ్మకి మొదట్లో తెలియదు. తెలిశాక ఒక ఒప్పందానికొచ్చాం, మార్గశిర లక్ష్మివారాలు పీట ఆవిడది. ముందురోజు రాత్రే కడిగి ముగ్గు పెట్టేస్తుంది. ఆ రోజు ఆంప్ నేల మీదే ఉంటుంది, నేనూ మంచం దిగి దానికి ఎదురుగా నేల మీదే మఠం వేసుకుని కూర్చుంటాను, చెవులు మోకాళ్ల ఎత్తుకి వచ్చేస్తాయి.